పచ్చిక కింద ఊళ్ళు

1913లో బరంపురం నుంచి ఒక తెలుగు కుర్రవాడు ఓడెక్కి, న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్ వెళ్ళాడు. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో అతనికి ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన మాస్టారి పేరు థామస్ మక్‌డొనా. 1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం నాడు డబ్లిన్‌లో బ్రిటిషు ప్రభుత్వం మీద తిరుగుబాటు లేచింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసిన ఏడుగురిలో ఆ మాస్టారు ఒకరు. మే 3న కిల్‌మెయినమ్ జైలు పెరట్లో ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఏడే మన కుర్రవాణ్ణి దేశం విడిచి పొమ్మన్నారు. అతనే వరాహగిరి వెంకటగిరి. 1969లో మన రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు.

ఆ డబ్లిన్‌లో ఇప్పుడు మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళ పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు, అక్కడే బడికి వెళుతున్నారు. పిల్లలకి వేసవి సెలవులు ఇచ్చాక మా ఆవిడా నేనూ వెళ్ళాం. ఆరుగురం ఒక పెద్ద కారులో సర్దుకుని ఐర్లండ్ తిరిగాం. ఆ తర్వాత సముద్రం దాటి స్కాట్లండ్ కొండల్లోకి వెళ్ళాం. ఆ ప్రయాణం సంగతులే ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను.

కెల్టిక్ దేశాలు అనే మాట టూరిస్టు కరపత్రాల్లో తరచుగా కనిపిస్తుంది. అసలు అది ఒక భాషా కుటుంబం పేరు. ఐరిష్, స్కాట్లండ్ గేలిక్, వేల్స్‌లో వెల్ష్, ఫ్రాన్సు పడమటి కొసన బ్రెటన్, ఇంకా మాంక్స్, కార్నిష్. ఒకప్పుడు యూరపులో చాలా మేర వినిపించిన ఈ భాషలు ఇవాళ అట్లాంటిక్ ఒడ్డు పట్టుకుని మిగిలాయి. ఆ దేశాలకు వెళ్ళొచ్చిన వాళ్ళెవర్ని అడిగినా ముందు చెప్పేది పచ్చదనం గురించే. నిజమే. ఏడాది పొడుగునా వాన పడే చోట గడ్డి మొలవక ఏం చేస్తుంది? నాకు మాత్రం ఆ పచ్చదనంలో మొదట్నుంచీ ఇంకొకటి కొట్టొచ్చినట్టు కనబడింది. మనుషులు లేరు. కోనసీమలో కారు వేసుకుని బయల్దేరితే ఒక ఊరు పూర్తి కాకుండానే ఇంకో ఊరు మొదలవుతుంది. అక్కడ పడమటి జిల్లాల్లో గంటసేపు పోయినా గొర్రెలు, రాతి గోడలు, మబ్బులు. "ఇంత నీళ్ళుండి, ఇంత నేలుండి, జనం ఏరండీ?" అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు దారి పొడుగునా ముక్కలు ముక్కలుగా దొరుకుతూ వచ్చింది.

ముందు డబ్లిన్ సంగతి. లిఫీ నది ఊరిని రెండుగా చీల్చుకుంటూ పోతుంది. దక్షిణపు ఒడ్డున 1592లో పెట్టిన ట్రినిటీ కాలేజీ ఉంది. అక్కడ చూడవలసింది బుక్ ఆఫ్ కెల్స్. క్రీ.శ. 800 ప్రాంతంలో క్రైస్తవ సన్యాసులు దూడ చర్మం మీద రాసి, అక్షరం అక్షరానికీ రంగుల అల్లికలు పెట్టిన సువార్త గ్రంథం. చాలాసేపు వరసలో నిలబడితే అద్దాల పెట్టెలో తెరిచి పెట్టిన పేజీలు కాసేపు కళ్ళబడతాయి, వెనక నుంచి జనం నెడుతూ ఉంటారు. ఉత్తరపు ఒడ్డున ఓకానెల్ వీధిలో పెద్ద పోస్టాఫీసు. 1916 తిరుగుబాటుదారులు పట్టుకుని కూర్చున్నది ఆ భవనాన్నే. ఇప్పటికీ అక్కడ స్టాంపులు అమ్ముతారు. మా మనవడు వాళ్ళ బడి స్నేహితుడికి ఒక కార్డు పోస్టు చేశాడు, ఆ స్నేహితుడి ఇల్లు రెండు వీధుల అవతల.

కిల్‌మెయినమ్ జైలుకి టిక్కెట్లు ముందే కొనుక్కోవాలి, అప్పటికప్పుడు వెళితే దొరకవు. గిరి గారి మాస్టారిని నిలబెట్టిన ఆ పెరట్లో గోడకి ఆనుకుని ఒక చిన్న నల్ల శిలువ ఉంది. అంతకు మించి అలంకారం లేదు. గైడు ఒక్కొక్కరి పేరూ చదువుతుంటే నాకు తోచింది ఏమిటంటే, వీళ్ళలో చాలామంది మాస్టార్లు, కవులు, పత్రికల వాళ్ళు. వాళ్ళు ప్రాణాలిచ్చిన ఆ దేశం 1937లో రాసుకున్న రాజ్యాంగంలోంచే మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల ఆలోచన వచ్చింది. ఇంటర్మీడియట్‌లో పౌరశాస్త్రం చదివిన వాళ్ళంతా రెండు మార్కుల ప్రశ్నగా రాసే ఉంటారు.

నది వెంబడి తూర్పుగా నడిస్తే కస్టమ్ హౌస్ దగ్గర ఒడ్డు మీద కంచు విగ్రహాలు కొన్ని కనిపిస్తాయి. బక్కచిక్కిన మనుషులు చినిగిన బట్టల్లో ఓడరేవు వైపు నడుస్తుంటారు, ఒకాయన భుజాల మీద పిల్లవాడు వాలిపోయి ఉంటాడు. శిల్పి పేరు రోవన్ గిలెస్పీ, 1997లో పెట్టారు. ఆఫీసులకు పోయే వాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని వాటి మధ్య నుంచే నడిచిపోతారు. మా మనవరాలు "వీళ్ళెక్కడికి వెళుతున్నారు తాతయ్యా?" అంది. కెనడాకి, అమెరికాకి అన్నాను. "నాన్న ఇక్కడికి వచ్చినట్టా?" అంది. ఏం చెప్పాలో తోచక వాళ్ళ నాన్న వైపు చూశాను. అతను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు.

డబ్లిన్‌కి గంట దూరంలో బోయ్న్ నది లోయలో న్యూగ్రాంజ్ ఉంది. సుమారు 5200 ఏళ్ళ కిందట కట్టిన సమాధి దిబ్బ. ఈజిప్టు పెద్ద పిరమిడ్ కన్నా పాతది. అందరూ దీన్ని కెల్టిక్ వింత అంటారు గాని, కెల్టిక్ భాషలు ఆ దీవికి రాకముందే అది పాతబడిపోయింది, కట్టిన వాళ్ళు ఏ భాష మాట్లాడేవారో ఎవరికీ తెలియదు. వాకిలి ముందు సుడులు చెక్కిన పెద్ద బండ అడ్డంగా ఉంటుంది. లోపలికి 19 మీటర్ల సన్న దారి, ఒంగి, పక్కకి తిరిగి పోవాలి. డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలో అతి తక్కువ పగలున్న రోజుల్లో, సూర్యోదయం వేళ వాకిలి పైన వదిలిన ఒక కంతలోంచి ఎండ ఆ దారి వెంట పాకి, గర్భగుడి లాంటి గదిని 17 నిమిషాల సేపు వెలిగిస్తుంది. ఊళ్ళో జనం ఎప్పటి నుంచో చెప్పుకుంటున్న ఈ మాట నిజమా అని 1967లో ఓకెల్లీ అనే పురావస్తు ఆచార్యుడు చీకట్లో ఒక్కడే వెళ్ళి కూర్చున్నాడు. నిజమేనని తేలింది. ఇప్పుడు ఆ పొద్దున లోపల నిలబడడానికి లాటరీ తీస్తారు, వేలమంది పేర్లిస్తారు. మిగతా రోజుల్లో గైడు దీపాలన్నీ ఆర్పేసి ఒక కరెంటు దీపంతో ఆ వెలుగుని చూపిస్తుంది. నకిలీ వెలుగే. అయినా అంత చీకట్లో ఆ సన్న గీత కాళ్ళ దాకా వస్తుంటే మా మనవడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సున్నం, సిమెంటు లేకుండా రాతి మీద రాయి పేర్చిన ఆ కప్పు 5 వేల ఏళ్ళుగా చుక్క నీరు కారలేదట. మా ఇంటి డాబా గురించి మా ఆవిడ ఏదో అనబోతే నేను వినిపించుకోలేదు.

అక్కణ్ణుంచి పడమరకి. దేశం నడిమధ్య రోస్కామన్ జిల్లాలో స్ట్రోక్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఒక జమీందారీ బంగళా ఉంది. దాని గుర్రాల సాలలో జాతీయ కరువు మ్యూజియం పెట్టారు. పిల్లలతో వచ్చేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆగరు. ఆగమనే నేనంటాను. ఎందుకంటే ఆ తర్వాత కళ్ళబడే ప్రతి కొండకీ ఇక్కడే వివరణ దొరుకుతుంది.

1845లో బంగాళాదుంప పంటకి తెగులు వచ్చింది. ఆకులు రాత్రికి రాత్రి నల్లబడేవి, తవ్వితే దుంప కుళ్ళి కంపు కొట్టేది. మధ్యలో ఒకటి రెండేళ్ళు కాస్త తగ్గినా 1852 దాకా ఆ పీడ వదల్లేదు. మా ఆవిడ పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టింది. ఆవిడకి ఇది మింగుడు పడలేదు. "దుంప పోతే జొన్నో రాగో వేసుకోవాలి గాని, ఒక్క దుంప మీదే బతుకుతారా ఎవరైనా?" అంది. మ్యూజియంలో ఉన్న కౌలు పద్దులు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. నేల జమీందారుది. కౌలుదారు ఓట్లు పండించేవాడు, పందిని పెంచేవాడు, రెండూ కౌలు కిందే పోయేవి. మిగిలిన చెక్కలో, ఎకరమో అరెకరమో, ఇంటిల్లిపాదికీ ఏడాదంతా తిండి పెట్టగలిగేది దుంప ఒక్కటే. తెగులు దుంపకి వచ్చింది, కౌలుకి రాలేదు. జనం చస్తుంటే ధాన్యం, వెన్న, పశువులు ఓడలెక్కి ఇంగ్లండు పోతూనే ఉన్నాయి.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనలేం. 1847 వేసవిలో గంజి కేంద్రాలు పెట్టి రోజుకి 30 లక్షల మంది దాకా పోశారు, కొద్ది నెలలకే మూసేశారు. పావు ఎకరానికి మించి భూమి ఉన్నవాడికి సాయం అందదని చట్టం చేశారు. అంటే సాయం కావాలంటే నేల వదులుకోవాలి. వదులుకున్నాక జమీందారు మనుషులు ఇంటి కప్పు పీకేసేవారు. ఈ కరువు సాయం ఖర్చుని లండన్ ఖజానాలో కూర్చుని అదుపు చేసిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఆ పేరు చదివి నేను ఉలిక్కిపడ్డాను. 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చింది ఈయనే. మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు ఆ రాజధాని కిందవే. ఆయన వెళ్ళిపోయిన పదహారేళ్ళకి ధాతు కరువు వచ్చింది. అప్పుడు మన వాళ్ళకి బరువు పనులు చేయించి గిద్దెడు గింజలు కొలిచిన పద్ధతికీ, ఐర్లండ్‌లో ఆకలితో ఉన్నవాళ్ళ చేత ఎక్కడికీ పోని రోడ్లు వేయించిన పద్ధతికీ చుట్టరికం ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఐర్లండ్‌కి బయటి నుంచి మొట్టమొదట అందిన సాయాల్లో ఒకటి కలకత్తా చందా. అక్కడ సుమారు 14 వేల పౌండ్లు పోగుచేసి పంపారు.

స్ట్రోక్స్‌టౌన్ జమీందారు 1847లో తన కౌలుదార్లలో 1490 మందిని కెనడా పంపించడానికి లెక్కకట్టాడు. పోషించడం కన్నా ఓడ టిక్కెట్టు చవక. వాళ్ళు కాలువ గట్టు వెంబడి డబ్లిన్ దాకా నడిచారు. మేము చూసిన కంచు విగ్రహాల నడక అలాంటి నడకే. ఇప్పుడు ఆ దారి 165 కిలోమీటర్ల కాలిబాట, కోరినవాళ్ళు నడుస్తారు. ఆ జమీందారుని ఆ నవంబరులోనే ఎవరో దారి కాచి కాల్చి చంపారు.

అదే జిల్లాలో బాయిల్ అని ఇంకో ఊరుంది. పాత మఠం శిథిలాలు బాగుంటాయి. నేను కారు అటు తిప్పించడానికి అసలు కారణం వేరే. 1878లో అక్కడ మార్గరెట్ గిలెస్పీ అనే అమ్మాయి పుట్టింది. పెళ్ళయ్యాక మార్గరెట్ కజిన్స్. ఐర్లండ్‌లో ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం పోరాడి జైలుకి వెళ్ళింది. 1915లో భర్త జేమ్స్‌తో కలిసి మన దేశం వచ్చింది. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆ దంపతులు ఉండగా 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి జనగణమన పాడి వినిపించారు. ఆ వరసని స్వరాల్లో రాసి స్థిరపరచింది ఈ బాయిల్ ఆడపడుచే. ఆ మాట చెప్పగానే పిల్లలు నడిరోడ్డు మీద పాట ఎత్తుకున్నారు. జాతీయగీతం కదా, మేం నలుగురం మఠం గోడ పక్కన నిటారుగా నిలబడాల్సి వచ్చింది. దారిన పోయే ఒక పెద్దాయన టోపీ తీసి ఆయన కూడా నిలబడ్డాడు.

ఆ తర్వాత మాయో జిల్లా. 1841లో ఆ జిల్లా జనాభా 3 లక్షల 88 వేలు. 2022లో 1 లక్షా 38 వేలు. ఐర్లండ్ దీవి మొత్తం చూసినా అంతే, 1841లో 80 లక్షల పైచిలుకు ఉన్న జనం పదేళ్ళలో 65 లక్షలకు దిగారు. పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకన్నా ఎక్కువ మంది ఓడలెక్కారు. ఇవాళ్టికీ, ఉత్తరమూ దక్షిణమూ కలిపినా, ఆ పాత సంఖ్య చేరలేదు. యూరపులో ఇలాంటి దేశం ఇంకొకటి లేదంటారు.

మాయోలో అకిల్ అనే దీవి ఉంది, వంతెన మీదుగా కారులోనే పోవచ్చు. అక్కడ స్లీవ్‌మోర్ కొండ వాలులో ఒక వరసగా ఎనభై, వంద దాకా రాతి ఇళ్ళు. కప్పుల్లేవు. గుమ్మాలున్నాయి, పొయ్యి గూళ్ళున్నాయి, గొర్రెలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంటాయి. మా ఆవిడ మాత్రం ఇళ్ళ మీద కన్నా వాటి కింద కొండవాలు మీద చూపు నిలిపింది. పచ్చిక మీద చారలు చారలుగా ఎత్తుపల్లాలు. "అవి బోదెలు కాదూ?" అంది. బోదెలే. దుంపలు నాటడానికి పారతో తోలిన బోదెలు. దున్నేవాడు పోయి నూట డెబ్భై ఏళ్ళు దాటినా ఆ బోదెలు చెదరలేదు, గడ్డి వాటి మీద దుప్పటి కప్పుకుందంతే. సాయంత్రపు ఏటవాలు ఎండలో ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఒకసారి చూడ్డం తెలిశాక ఇంక ఎక్కడ చూసినా అవే. కొండల నడుముల దాకా, ఇవాళ మేక కూడా ఎక్కనంత ఏటవాలు దాకా, బోదెలు. అంత ఎత్తుకి పోయి దుంప నాటుకున్నారంటే కింద నేల ఎంత కరువై ఉండాలి! టూరిస్టులు ఫోటో తీసుకునే ఆ ఖాళీ కొండలు ఒకప్పుడు కిక్కిరిసిన ఊళ్ళు.

అకిల్‌కి దక్షిణంగా లూయిస్‌బర్గ్ నుంచి డూలాఖ్ అనే సరస్సు మీదుగా ఒక దారి పోతుంది. అటూ ఇటూ నల్లటి కొండలు, మధ్యలో నల్లటి నీళ్ళు, నేను చూసిన దారులన్నిటిలోకీ అందమైన దారి అదే. 1849 మార్చి ఆఖరున ఆకలితో ఉన్న వందలమంది లూయిస్‌బర్గ్‌లో సాయం కోసం చేరారు. తనిఖీ చేసే పెద్దమనుషులు తెల్లారి డెల్ఫీ లాడ్జి దగ్గరికి రమ్మన్నారు. అది ఇరవై కిలోమీటర్ల దూరం. చలిలో, వానలో రాత్రంతా నడిచారు. తీరా పోతే దొరలు భోజనం చేస్తున్నారట, కాసేపాగి లేదు పొమ్మన్నారట. తిరుగుదారిలో రోడ్డు పక్కనా సరస్సు గట్టునా జనం పడిపోయారు. ఎందరు పోయారన్న దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. అక్కడ చిన్న రాతి శిలువ ఒకటి నిలబెట్టారు. దాని మీద చెక్కిన మాటలు మహాత్మాగాంధీవి. తోటివాణ్ణి అవమానించి మనిషి తనకి గౌరవం దక్కిందని ఎలా అనుకోగలడన్న అర్థం వచ్చే మాటలు. పరదేశంలో, నరమానవుడు లేని లోయలో, గాలివానలో ఆ పేరు కళ్ళబడింది. మా అల్లుడు ఎప్పుడూ నవ్విస్తూ ఉండే మనిషి, ఆ పూట కారు నడుపుతూ చాలాసేపు మాట్లాడలేదు. ఏటా ఆ దారిలో జ్ఞాపకార్థం నడుస్తారు. 1991లో దక్షిణాఫ్రికా నుంచి డెస్మండ్ టూటూ వచ్చి నడిచారు.

కానమారాలో రోడ్డు పక్క బోర్డులు ఒక్కసారిగా మారిపోయాయి. అంతదాకా పైన ఐరిష్, కింద ఇంగ్లీషు. ఇప్పుడు ఐరిష్ ఒక్కటే. కరువు ఎక్కువ కాటు వేసింది ఈ పడమటి జిల్లాల్నే, అంటే ఐరిష్ మాట్లాడే వాళ్ళనే. 2022 జనగణనలో ఐరిష్ వచ్చునన్నవాళ్ళు 18 లక్షలకు పైనే ఉన్నారు గాని, బడి బయట రోజూ మాట్లాడేది సుమారు 72 వేల మంది. మేం దిగిన ఇంటావిడ అలాంటి మనిషి. రాత్రి భోజనం దగ్గర మా మనవరాలు బడిలో నేర్చుకున్న ఐరిష్‌లో ఆవిడకి ఏదో చెప్పింది. ఐర్లండ్ ప్రాథమిక పాఠశాలల్లో ఐరిష్ తప్పనిసరి. ఆవిడ గరిటె కింద పెట్టి, కుర్చీ లాక్కుని, పిల్ల పక్కన కూర్చుంది. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. మధ్యలో నవ్వులు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా అమ్మాయి కూడా వాళ్ళ మొహాలే చూస్తూ కూర్చుంది. ఏం మాట్లాడారే అంటే, "వాళ్ళ గాడిద పేరు చెప్పింది" అంది మనవరాలు. పొద్దున ఫలహారంలో దానికి రెండు కేకులు ఎక్కువ పడ్డాయి.

గాల్వే ఊరు సంగీతంతో మోగిపోతూ ఉంటుంది, ఒక సాయంత్రం చాలు. మోహర్ కొండచరియలు 200 మీటర్ల ఎత్తున సముద్రంలోకి నిలువునా దిగుతాయి, బ్రహ్మాండంగా ఉంటాయి, బస్సులూ అంతే బ్రహ్మాండంగా వస్తాయి. వాటి పక్కనే బరెన్ అనే సున్నపురాయి పీఠభూమి ఉంది, అది నాకు ఇంకా నచ్చింది. చదునైన రాతి నెర్రెల్లో మంచు దేశాల పూలూ మధ్యధరా తీరపు పూలూ పక్కపక్కనే పూస్తాయి. అక్కడి రైతులు చలికాలంలో పశువుల్ని కొండ మీదికి తోలుతారు, లోకమంతా కిందికి తోలితే. ఎండాకాలమంతా రాయి వేడి పీల్చుకుని దాచుకుంటుంది కాబట్టి పైనే వెచ్చగా ఉంటుందట. ఆ రాళ్ళ మధ్య పూల్‌నాబ్రోన్ అని నిలువు బండల మీద పెద్ద బండ పరిచిన సమాధి ఉంది. ములుగు జిల్లా దామరవాయి అడవిలో రాక్షసగుళ్ళు చూసినవాళ్ళకి అది కొత్తగా అనిపించదు.

డబ్లిన్ తిరిగి వచ్చి ఉత్తరానికి బయల్దేరాం. ఉత్తర ఐర్లండ్ సరిహద్దు ఎప్పుడు దాటామో తెలియదు, వేగం బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్ళలోకి మారితే అదే గుర్తు. అంట్రిమ్ తీరంలో జెయింట్స్ కాజ్‌వే. 6 కోట్ల ఏళ్ళ కిందట లావా చల్లారుతూ పగిలి, సుమారు 40 వేల రాతి స్తంభాలై, ఎక్కువగా ఆరు పలకలతో, సముద్రంలోకి మెట్లు మెట్లుగా దిగుతుంది. ఫిన్ అనే రాక్షసబలుడు స్కాట్లండ్‌లోని పగవాడి మీదికి పోవడానికి వేసిన వారధి అని కథ. మా మనవరాలు "రామసేతు!" అంది, నేను అనకముందే. ఆ పగవాడు తనకన్నా పెద్దవాడని తెలిసి ఫిన్ ఇంటికి పరిగెత్తితే, అతని పెళ్ళాం అతనికి పసిపిల్లవాడి బట్టలు తొడిగి ఉయ్యాల్లో పడుకోబెట్టింది. పగవాడు వచ్చి చూసి, పిల్లవాడే ఇంతుంటే తండ్రి ఎంతుంటాడోనని పారిపోతూ వారధి పీకేశాడు. ఈ కథ మా ఆవిడకి చాలా నచ్చింది. దారంతా ఎవరూ అడక్కుండానే చెప్పింది. తమాషా ఏమిటంటే అవతలి ఒడ్డున, స్కాట్లండ్‌లో స్టాఫా దీవి దగ్గర, అచ్చం అవే స్తంభాలు ఉన్నాయి.

బెల్‌ఫాస్ట్ నుంచి ఓడలో రెండు గంటల పైన ప్రయాణం చేస్తే స్కాట్లండ్. పిల్లలు ఎదురు చూసింది గ్లెన్‌ఫినన్ వంతెన కోసం. 21 కమానుల కాంక్రీటు వంతెన, హారీ పోటర్ సినిమాలో రైలు పోయేది. ఆవిరి ఇంజను రైలు వచ్చే వేళకి కొండ మీద జాతర. రైలు పోయాక మూడు నిమిషాల్లో అంతా ఖాళీ. అదే లోయలో 1745లో బ్రిటన్ సింహాసనం తమ వంశానిదేనని స్టూవర్ట్ యువరాజు జెండా ఎత్తి కొండజాతుల్ని పోగుచేశాడు. మరుసటి ఏడు కల్లోడెన్ దగ్గర ఓడిపోయాడు. దాంతో కొండజాతుల నాయకుల పెత్తనం విరిగింది. నాయకులు మెల్లగా జమీందార్లయ్యారు. జమీందార్లకి కౌలుదార్ల కన్నా గొర్రెలు లాభమని తోచింది. లోయల వెంట ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించారు. ఐర్లండ్‌లో తెగులు చేసిన పని ఇక్కడ ఉన్ని ధర చేసింది.

ఉత్తరాన క్రోయిక్ అనే చోట ఒక చిన్న చర్చి ఉంది. టూరిస్టు బస్సులు రావు. 1845 మేలో గ్లెన్‌కాల్వీ లోయలోంచి వెళ్ళగొట్టిన కుటుంబాలు ఆ చర్చి ఆవరణలో దుప్పట్లు కట్టుకుని తలదాచుకున్నాయి. లోపలికి పోవడానికి మనసొప్పక, బయట నిలబడి కిటికీ అద్దాల మీద గీసి రాశారు. తాము ఫలానా తేదీన ఇక్కడ ఉన్నామని. వాళ్ళ భాష గేలిక్, రాసింది ఇంగ్లీషులో. ఎవరు చదువుతారో వాళ్ళకి తెలుసు కాబోలు. ఒకచోట తమని తామే పాపిష్టి జనం అని రాసుకున్నారు. తమ తప్పుకే దేవుడు ఈ శిక్ష వేశాడనుకున్నారు. జమీందారు పేరు ఎక్కడా లేదు. అది నాకు ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది. అక్షరాలు గోరంత ఉంటాయి, ఎండ పడే వైపు నుంచి చూస్తే చదవొచ్చు.

ఎడిన్‌బరా గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను చెప్పను. కోట మీద మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారు, చెవులు మూసుకోండి.

వెళ్ళదలచినవాళ్ళకి రెండు మాటలు. ఐర్లండ్ షెంగెన్ వీసాలో లేదు, బ్రిటన్ వీసా వేరు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి రెండు దేశాలకూ ఒకే వీసా మీద వెళ్ళే ఏర్పాటు ఉంది, వీసా మీద ఆ ముద్ర పడిందో లేదో చూసుకోవాలి. ఉత్తర ఐర్లండ్ సరిహద్దులో ఎవరూ ఆపరు గదా అని కాగితాలు లేకుండా దాటకూడదు, అది బ్రిటన్. గొడుగు తీసుకెళ్ళకండి, గాలికి తిరగబడుతుంది, తలకప్పు ఉన్న వానకోటు మంచిది. మే, జూన్ నెలల్లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది, పిల్లలు నిద్రపోరు. పడమటి ఊళ్ళకి బస్సులు తక్కువ, కారే గతి. మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. రోడ్లు సన్నం, అటూ ఇటూ రాతి గోడలు, ఎదురు కారు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. మాయోలో అలా తప్పుకున్న ప్రతివాడూ స్టీరింగు మీంచి ఒక చూపుడువేలు పైకి లేపుతాడు. అది అక్కడి పలకరింపు, మీరూ లేపాలి. మా అల్లుడు హైదరాబాద్ వచ్చినప్పుడు కూకట్‌పల్లిలో అలవాటు కొద్దీ ఆ వేలు లేపితే, ఎదురుగా వచ్చిన ఆటో అతను బండి ఆపి, "ఏంది సార్, ఎక్కడికి పోవాలె?" అన్నాడట.